మోచేత్తో నీళ్ళు చూసే మా వదిన

శివరాత్రి పోయిన నాలుగో రోజు మధ్యాహ్నం మా వదిన కన్ను మూసింది. నేనప్పుడు వడ్డేపల్లి బస్టాండులో గద్వాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా ఇంటిది ఫోన్ చేసి "అక్క పోయింది" అని మూడుసార్లు అన్నది. మొదటిసారి బస్టాండు మోతలో వినబడలేదు. రెండోసారి వినబడింది గాని నమ్మలేదు. మూడోసారికి బస్సు వచ్చింది, ఎక్కి కూర్చున్నాను. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మగ్గం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, పట్టు పోగు అందియ్యమని మా ఇంటిదాన్ని అడిగిందట. పోగు తెచ్చేలోపల అయిపోయింది. డెబ్బై దాటిన మనిషి. ఒక్కరోజు మంచం పట్టలేదు, ఒకరి చేత గొంతులో నీళ్ళు పోయించుకోలేదు.

ఈ నాలుగు మాటలు మన ఊరి పత్రికలో వేయించాలని పోతే, ప్రెస్సాయన ఫొటో కింద అప్పటికే "అశ్రునివాళి" అని అక్షరాలు పెట్టి ఉంచాడు. తీసెయ్యమన్నాను. అందరికీ అదే వేస్తాం కదా పెద్దాయనా అన్నాడు. అందరికీ వేసుకో, మా వదినకు మాత్రం వద్దన్నాను. ఎందుకంటే ఆమె బతికి ఉండగానే మా అందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది: "నేను పోయినంక ఎవరన్న శోకాలు పెట్టిన్రో, లేసొచ్చి తంత." ఆమె అన్నదంటే చేసే మనిషి. నాకు ఇప్పటికీ భయమే.

అందుకని ఇందులో ఏడుపు ఉండదు. చావు గురించి రాసేటప్పుడు ఇంత సంతోషమేందని అడిగేవాళ్ళు అడగండి. ఏడో తరగతి చదివి మగ్గం గుంటలోకి దిగినవాణ్ణి. నాకు పెద్ద పెద్ద మాటలు రావు. కడుపు నిండా ఉన్నది మాత్రం చెప్పగలను. నా బిడ్డ ఇవాళ సముద్రపు అలల మీద నిలబడి పదిమందికి నిలబడడం నేర్పుతున్నదంటే, దానికి కారణం నేను కాదు. నేను ఆపబోయినవాణ్ణి. నన్ను ఆపింది మా వదిన. అది చెప్పకుండా ఆమెను సాగనంపితే నాకు అన్నం సయించదు.

మా వదినది కృష్ణ ఒడ్డు ఊరు, వీపనగండ్ల అవతల. ఇప్పుడు ఆ ఊరు లేదు. శ్రీశైలం డ్యాం కట్టినాక నీళ్ళు వెనక్కి తన్ని ఊరు మొత్తం మునిగిపోయింది. అప్పటికే ఆమె పెళ్ళై మా ఇంటికి వచ్చి చాలా ఏండ్లయింది. మునిగిందని కబురు తెలిసిన రోజు కూడా ఏడవలేదట, మా అన్న చెప్పేవాడు. "మా ఊరు యాడికి పోలే, నీళ్ళల్ల ఉన్నది" అని మగ్గం దగ్గరికి పోయిందట. మా అన్న పోయినాక కూడా ఆ మగ్గం ఆపలేదు. పిల్లలు లేరు. నా ఒక్కగానొక్క బిడ్డనే తన బిడ్డ అనుకున్నది.

గద్వాల చీర సంగతి మీకు నేను చెప్పేదేముంది. ఒంటికి నూలు, అంచుకు పట్టు. రెండు జాతులు వేరు. నూలు నీళ్ళు తాగుతుంది, పట్టు జారుతుంది. ఆ రెండూ కలిసే చోటనే మా నేతగాళ్ళ పని తెలుస్తుంది. పోగు పోగుకూ మెలివేసి కలపాలి. కలిపినట్టు కంటికి కనబడొద్దు, చేతికి తగలొద్దు, ఇరవై ఏండ్లు కట్టినా విడిపోవద్దు. మా పేటలో ఆ అతుకు వేయడంలో మా వదిన తర్వాతే ఎవరైనా. పట్టుకుని చూసినవాళ్ళు, అతుకు ఎక్కడుందమ్మా అని అడిగేవాళ్ళు. "ఉన్న తావుల ఉన్నది" అనేది.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఏ నీళ్ళయినా ముందు మోచెయ్యి ముంచి చూసేది. పసిపిల్లలకు నీళ్ళు పోసే ఆడవాళ్ళు అట్ల చూస్తారు గదా, ఆమె బావి నీళ్ళనూ అట్లే చూసేది, నది నీళ్ళనూ అట్లే చూసేది. అరచెయ్యి అబద్ధమాడుతుందని ఆమె లెక్క. పని చేసి చేసి కాయలు కాసిన చేతికి వేడీ సల్లా ఏం తెలుస్తుంది, మోచేతి చర్మానికైతే సిగ్గు పోలేదు అనేది.

నా బిడ్డకు ఆరేండ్లప్పుడు ఊరి బయట వ్యవసాయ బావిలో ఆమే ఈత నేర్పింది, తన ఆరో ఏట వాళ్ళ నాయిన తనకు నేర్పినట్టే. నడుముకు బెండ్లు కట్టి దింపేది. రోజుకొక బెండు విప్పేది. నాలుగో రోజు అన్నీ విప్పేసి, పిల్లకు చెప్పలేదు. పిల్ల ఈదుతూనే ఉన్నది. ఒడ్డుకు వచ్చినాక నడుము తడుముకుని కండ్లు పెద్దవి చేసుకుంది. అప్పుడు మా వదిన నవ్విన నవ్వు నాకు యాదిలో ఉన్నది. అక్కడే ఒక సంగతి చెప్పింది, ఆ రోజు నేను పట్టించుకోలేదు. ధనుర్మాసంలో తెల్లవారి బావిలోంచి ఆవిరి లేస్తుంటే, పిల్ల చలి పెద్దమ్మా అని దూరం జరిగింది. మా వదిన దాని మోచెయ్యి పట్టి ముంచింది. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. "నేల పంచాంగం వేరే, నీళ్ళ పంచాంగం వేరే బిడ్డా. నేలకు సలి ముందొస్తది, ముందే పోతది. నీళ్ళు నిమ్మళంగ అందుకుంటయ్, నిమ్మళంగ వదుల్తయ్."

ఆ మాట విని ఉంటే, పదిహేనేండ్ల తర్వాత నేను అంత పెద్ద తప్పు చేసేవాణ్ణి కాదు.

బిడ్డ పెద్దదై వ్యాయామ ఉపాధ్యాయుల చదువు చదివింది. మంగళూరు పక్కన సముద్రం ఒడ్డు ఊళ్ళో ఒక బడిలో ఈత నేర్పే కొలువు దొరికింది. అక్కడ ఒడ్డున ఒకాయన షెడ్డు వేసి, పొడుగు పలకల మీద నిలబడి అలల మీద జారడం నేర్పుతుండేవాడు. సర్ఫింగ్ అంటారట. మన దిక్కు ఎవరూ ఎరగనిది. నా బిడ్డ సెలవు దినాల్లో పోయి నేర్చుకున్నది. ఏడాదిలో ఆయనే, అమ్మా నువ్వు పిల్లలకు నేర్పుతావా, నిన్ను గురువుగా పెట్టుకుంటా అన్నాడు. ఒకటే షరతు. తెల్లవారినప్పటి నుంచి మూడు గంటలు నీళ్ళలో ఉండి, వణక్కుండా, అలసిపోకుండా నిలవాలి. నేర్పేవాడే వణికితే నేర్చుకునేవాణ్ణి ఎవడు పట్టుకుంటాడు అని ఆయన మాట.

నా బిడ్డ బక్కపలచన. గంటకే పెదవులు నీలంగా అయ్యేవి. షెడ్డులో విదేశాల వాళ్ళు వదిలిపెట్టి పోయిన వెట్‌సూట్లు ఉన్నాయట. రబ్బరులాంటి దానితో చేసిన బట్ట, ఒంటికి అతుక్కుని ఉంటుంది, చలి ఆపుతుంది. రెండువేల ఏడు జనవరిలో ఫోన్ చేసి అడిగింది. "నాయినా, రెండున్నయ్. ఒకటి నాలుగు మిల్లీ మందం, మంచిగున్నది. ఇంకోటి పల్చన, రెండు మిల్లీ, గని కుట్లు ఊడినయ్. ఏది తీస్కోను?"

ఇక్కడ గద్వాలలో నేను గొంగడి కప్పుకుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని, కుంపటి ముందర కూర్చుని ఉన్నాను. పుష్యమాసం. జర కూడా ఆలోచించలేదు. "ఇంత సలిల పల్చనిదేంది బిడ్డా, మందంది తీస్కో" అన్నాను. నేలను చూసి నీళ్ళకు బట్ట చెప్పాను. నాయిన మాట అని పిల్ల అదే తొడుక్కున్నది.

మర్నాడు రెండు గంటలు నీళ్ళలో ఉన్నదట. లోపల ఒళ్ళంతా ఉడికిపోయింది. కండ్లు తిరిగి, వాంతై, పలక మీది నుంచి జారింది. పక్కనే వల వేస్తున్న బెస్తవాళ్ళు ఒడ్డుకు లాగి, దవాఖానకు తీసుకుపోయారు. ఎండదెబ్బ తగిలినట్టు ఉంది, సముద్రంలో ఎండదెబ్బేమిటని డాక్టరు ఆశ్చర్యపోయాడట. షెడ్డాయన పది దినాలు గడువిచ్చి, ఆ లోపల మూడు గంటలు నిలవలేకపోతే గురువు పని వేరేవాళ్ళకు ఇస్తానన్నాడు.

ఈ సంగతి మా వాళ్ళకు తెలిసింది. దాంతోపాటు పిల్ల ఆ నల్లసూట్ తొడుక్కుని ఉన్న ఫొటో కూడా ఎవరో తెచ్చారు. మా పాలివాడు, వరసకు నాకు అన్న, ఆ ఫొటో పట్టుకుని ఇంటికి వచ్చాడు. తోలుతిత్తి లెక్క ఉన్నదన్నాడు. ఆడపిల్లను సముద్రంల పారేసి మగ్గం నేసుకుంటున్నావన్నాడు. నేను పరేషాన్‌లో ఉన్నవాణ్ణి. నిజమే, పోయి తెచ్చుకుంటా అన్నాను. ఖాళీ సంచి ఒకటి సర్దుకున్నాను, బిడ్డ సామాన్లు వేసి తేవడానికి.

మా వదిన మగ్గంలోంచి లేచి, నేనూ వస్త అన్నది. ఎందుకు వదినా నీకు అంత దూరం అంటే, "మునిగిన ఊరు సూసిన, ముంచే సముద్రం సూడలే" అన్నది. కొంగున తన సన్నసూది గుచ్చుకుని బయలుదేరింది. మా ఇంటిది జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూట కట్టింది. రాయచూరు పోయి, అక్కడి నుంచి ఇంకో రెండు బస్సులు మారి దిగేసరికి నా నడుము విరిగింది. ఆమె మాత్రం, సముద్రం ఎటుదిక్కని మొదటి మాటగా అడిగింది.

తెల్లవారి మేం ఒడ్డున నిలబడ్డాం. చలిగాలి కొడుతుంది. నేను స్వెట్టరు మీద మఫ్లరు చుట్టుకుని, నేను చెప్పింది తప్పేం కాదు, ఇంత చలిలో మందం సూటే కదా అని మనసులో అనుకుంటున్నాను. మా వదిన చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మోకాలు లోతు నడిచి, వంగి, మోచెయ్యి ముంచింది. అట్లే కొద్దిసేపు ఉన్నది. తర్వాత నా దిక్కు తిరిగి, "తమ్మీ, ఇటు రా" అన్నది. పోయాను. నా స్వెట్టరు చెయ్యి పైకి తోసి, మోచెయ్యి పట్టి నీళ్ళలో పెట్టింది.

పురిటి బిడ్డకు తోడిపెట్టిన నీళ్ళు ఎట్ల ఉంటాయో అట్ల ఉన్నాయి.

"ఈ నీళ్ళకు నువ్వు గొంగడి కప్పమన్నవ్" అన్నది. నాకు ఆ మాట చాలు. తల వంచుకుని నిలబడ్డాను.

తర్వాత ఆమె నడుము దాకా మునిగి, పైకి వచ్చి, తడి చీరతో గాలికి ఎదురుగా నిలబడింది. పండ్లు పటపటలాడాయి. మళ్ళీ మునిగింది, మళ్ళీ నిలబడింది. నేను ఆమెకు పిచ్చి పట్టిందేమో అనుకున్నాను. చివరికి వచ్చి ఇసుకలో కూర్చుని బిడ్డతో చెప్పింది. నిన్ను కొట్టేది నీళ్ళు కాదు, గాలి. తెల్లారి గాలి నేల మీది నుంచి సముద్రం దిక్కు పోతుంది. తడి ఒంటి మీద ఆ గాలి తగిలితే, ఎండాకాలం తడిగుడ్డ చుట్టిన కుండ సల్లబడ్డట్టు ఒళ్ళు సల్లబడుతుంది. కుండకు మందం గోడ అక్కర్లేదు, తడి మీద గాలి తగలకుండా ఒక పొర ఉంటే చాలు.

షెడ్డాయన కన్నడం మనిషి. మా వదినకు రాయచూరు కన్నడం కొంచెం వచ్చు. ఇద్దరూ కూర్చుని పన్నెండు నెలల నీళ్ళ సంగతీ మాట్లాడుకున్నారు. ఎండాకాలం చివర్లో ఆ సముద్రం బాగా వేడెక్కుతుందట, అప్పుడు ఏ సూటూ వద్దట, ఎండకు కాలకుండా సన్న అంగీ చాలట. వానలు తగ్గే శ్రావణ భాద్రపదాల్లో మాత్రం అడుగు నుంచి చల్లని నీళ్ళు పైకి వస్తాయట. పైన ఉక్కపోత, లోపల చలి. పుష్యంలో పైన చలి, లోపల వెచ్చన. నేను నోరు తెరిచి వింటున్నాను. మా వదిన ముఖం పున్నమి చంద్రునిలా వెలిగింది. ఎన్నడూ చూడని సముద్రం తన మాటనే ఒప్పుకున్నట్టు.

తర్వాత సూట్ల దగ్గరికి పోయింది. తాడు మీద ఆరవేసి ఉన్నాయి. బేరానికి వచ్చిన చీరలను చూసినట్టే ఒక్కొక్కటి తిరగేసి, కుట్టు పొడవునా వేలు జరిపింది. కుట్టు వెంబడి వెలుతురుకు పట్టి చూసింది. సూది ఇటు నుంచి అటు పొడిచిన కాడల్లా ఒక బొక్క, ఎన్ని బొక్కలో అన్ని కిటికీలు అన్నది. కాలు చివర ముడివేసి నీళ్ళు పోసి చూసింది, ఏ కుట్టు నుంచి కారుతుందో. బిడ్డకు తొడిగి మెడ దగ్గర రెండు వేళ్ళు పెట్టింది, చంకల్లో చూసింది, నడుము వెనక గుంతలో అరచెయ్యి పెట్టి చూసింది. ఎక్కడ సందు ఉంటే అక్కడ నీళ్ళు పారతాయి. షెడ్డాయన అప్పుడు చెప్పాడు, ఈ సూటు నీళ్ళను ఆపదమ్మా, కొంచెం నీళ్ళను లోపలికి రానిస్తుంది, ఒంటి వేడికి అవి వెచ్చబడతాయి, అదే కాపాడుతుంది అని. మా వదినకు ఆ మాట బాగా నచ్చింది. "నిలిసిన నీళ్ళు మనవైతయ్. పారే నీళ్ళు మన వేడి ఎత్కపోతయ్" అన్నది.

అంత చూసి, కుట్లు ఊడిన రెండు మిల్లీ సూట్‌నే తీసుకున్నది. షెడ్డాయన బేడమ్మా, వద్దు, అది పారేసేది అన్నాడు. మందం సరిగ్గా దొరికింది, అతుకు నేను వేస్త అన్నది మా వదిన.

ఆ పని రెండు రోజులు పట్టింది. బెస్తవాళ్ళ దగ్గర వలదారం అడిగి తెచ్చుకున్నది. సైకిల్ షాపులో పంక్చర్లు వేసే సొల్యూషన్ నన్ను తెమ్మన్నది. ముందు అంచులకు సొల్యూషన్ రాసి అతికించింది. ఆ అతుకు మీద కుట్టు వేసింది. మొదటి పూట సూది అవతలకి పొడిచింది, నీళ్ళు పోసి చూస్తే వరసగా చుక్కలు. విప్పేసింది. నేను ఇంక వదిలెయ్ వదినా అన్నాను. నా మనసులో ఇంకా సంచి ఉన్నది. చెప్పేశాను కూడా. నువ్వు అతుకు, నేను వద్దనను, మంగళవారం బస్సుకు మాత్రం పిల్ల నాతో వస్తుంది అన్నాను. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ, "గట్టిగ పట్టు, జారనీకు" అని మాత్రం అన్నది. నేను బట్ట పట్టుకుని కూర్చున్నాను.

రెండో పూట ఉపాయం దొరికింది. మందంలో సగం దాకే సూది దించి, పక్కకు తిప్పి, అదే దిక్కు నుంచి పైకి తీసింది. అవతలి వైపు ఒక్క బొక్క లేదు. చీరలో నూలూ పట్టూ కలిపినట్టే, అతుకు ఉన్నది, కనబడదు. రెండు మిల్లీలో సగం అంటే ఎంత? అరవై తొమ్మిదేండ్ల మనిషి, కండ్లద్దాలు ముక్కు చివరకు జారుతుంటే, సముద్రం హోరులో కూర్చుని ఆ సగంలో సూది నడిపింది. కాలు ముడివేసి నీళ్ళు పోసి షెడ్డు దూలానికి వేలాడదీసింది. మేం నలుగురం కింద నిలబడి చూశాం. చుక్క రాలలేదు. షెడ్డాయన దండం పెట్టాడు.

సోమవారం పొద్దున బిడ్డ ఆ సూటు తొడుక్కుని నీళ్ళలోకి దిగింది. మా వదిన ఇసుకలో కర్ర పాతి నీడ చూస్తూ కూర్చున్నది. ఒక గంట. నేను పెదవులు చూడడానికి నీళ్ళ అంచు దాకా పోయి వస్తున్నాను. రెండు గంటలు. మొన్న పడిపోయింది ఈ వేళకే కదా అని చెప్పులతోనే నీళ్ళల్లోకి రెండడుగులు వేశాను. మూడో గంటలో ఒక పెద్ద అల లేచింది. నా బిడ్డ పలక మీద బోర్లా పడుకుని చేతులు వేసి, వేసి, ఒక్కసారి లేచి నిలబడింది. నీళ్ళ మీద నిలబడింది అయ్యా నా బిడ్డ. మన చేలల్లో గెట్టు మీద నడిచినట్టు, అల మీద నిలబడి, చేతులు చాపి, నా దిక్కే వచ్చింది. నేనేం చేశానో నాకు తెలియదు. అరిచానట, ఎగిరానట, ఎవరో తెలియని మనిషిని కౌగిలించుకున్నానట. నా చెప్పులు రెండూ సముద్రం తీసుకుపోయింది, నేను చూసుకోలేదు.

బయటికి వచ్చినాక షెడ్డాయన బిడ్డ చేతికి గ్లాసు నిండా చాయ ఇచ్చాడు. అందరం గ్లాసునే చూస్తున్నాం. అంచు దాకా ఉన్న చాయ తొణకలేదు.

మా వదిన ఇసుక దులుపుకుంటూ లేచి నా పక్కకు వచ్చింది. "బస్సు మంగళారమేనా తమ్మీ?"

"మంగళారమే. మనిద్దరికే" అన్నాను.

ఆ ఖాళీ సంచిలో నాలుగు మిల్లీ సూటు పెట్టుకుని వచ్చాం. దాన్ని పారేద్దామంటే ఆమె వద్దన్నది. "తప్పు బట్టంటూ ఉండదు. దానికి తగ్గ నీళ్ళు ఇంక రాలేదు, గంతే" అని వేపాకు వేసి మా అటక మీద దాచింది. బయలుదేరే ముందు తాను కూడా ఒకసారి చీర గోచీ పెట్టి అలల అవతలి దాకా ఈది వచ్చింది. ఆమెకూ ఒక సూటు చూడమంటారా అని షెడ్డాయన నవ్వితే, నా తోలు చాలు అన్నది.

గద్వాల చేరినాక మా పాలివాడు నలుగురు పెద్దమనుషులను వెంటేసుకుని వచ్చాడు. పిల్లను తేలేదేమని అడిగాడు. ఒంటికి అంటుకునే బట్ట తొడుక్కుని నలుగురిలో తిరగడం మన ఇంటి ఆడదానికి తగునా అన్నాడు. నేను నోరు తెరిచేలోపల మా వదిన మగ్గం గుంటలోంచే జవాబు చెప్పింది. చేతిలో పోగు వదలలేదు, తల ఎత్తలేదు.

"ఏం బావా, బట్ట నేసెటోళ్ళకే బట్ట గురించి చెప్పొస్తివా? ఏ బట్ట ఏ పనికో మనకు తెల్వదా? పెండ్లికి పట్టు కడ్తం, నాట్లకు నూలు కడ్తం. నీళ్ళకు నీళ్ళ బట్ట. సిగ్గు బట్టల ఉండదు, సూసే కండ్లల్ల ఉంటది. నీ కండ్లకు ఏదన్న కావాల్నంటే చెప్పు, అతుకు ఏస్త."

పెద్దమనుషుల్లో ఒకాయన దగ్గినట్టు చేసి నవ్వాడు. వాళ్ళు చాయ తాగి పోయారు. ఆ రోజు నుంచి నా ముందర నా బిడ్డ మాట ఎవరూ తియ్యలేదు. తీసినా నేను ఊరుకునేవాణ్ణి కాదు. ధైర్యం అంటువ్యాధి లాంటిదని అప్పుడు తెలిసింది. అరవై దాటినాక నాకు అంటింది.

ఇదంతా రెండేండ్ల కిందటి ముచ్చట. ఇప్పుడు చివరి ముచ్చట చెప్పి ఆపేస్తా.

మా వదినకు కొరివి నేనే పెట్టాను. మూడో రోజు పొద్దున బిడ్డ వచ్చింది, బస్సు టాపు మీద తన పలక కూడా వేసుకుని. ఎందుకు తెచ్చిందో నాకు తెలుసు. తన అస్థికలు మునిగిన ఊళ్ళో, తాను ఈత నేర్చుకున్న మోటబావి దగ్గర కలపాలని మా వదిన దానికి ఎప్పుడో చెప్పి పెట్టింది. ఏటా ఈ కాలానికి డ్యాం నీళ్ళు తగ్గి, బావి మీది రెండు రాతి స్తంభాల తలలు బయటపడతాయి. ఒడ్డు నుంచి చూస్తే నీళ్ళ నడుమ రెండు బొటనవేళ్ళ లెక్క కనబడతాయి. గుండ్రటి పుట్టి పడవలు నడిపేవాళ్ళు అక్కడికి పోరు. లోపల మునిగిన గోడలు, తుమ్మ మోడులు పుట్టికి అడుగున తగిలి చీల్చేస్తాయి.

జీపులో వీపనగండ్ల దాటి ఒడ్డుకు చేరాం. మా పాలివాడు కూడా వచ్చాడు. అస్థికలు కలపడం ఆడపిల్ల పని కాదు, ఇక్కడే ఒడ్డున కలిపి పోదామన్నాడు. నేను కుండ తీసి నా బిడ్డ చేతికి ఇచ్చాను. "కొరివి పెట్టినోణ్ణి నేను. కుండ నాది. నా బిడ్డకు ఇచ్చిన. ఇగ మాట్లాడకు అన్నా" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన కండ్లలోకి చూసి మాట్లాడాను.

ఎండ అప్పటికే చురుక్కుమంటుంది. శివరాత్రితో చలి శివశివా అని పోయిందని మనం అనుకుంటాం కదా. బిడ్డ నీళ్ళ అంచున కూర్చుని మోచెయ్యి ముంచింది. చాలాసేపు ఉంచింది. అచ్చం ఆమె లెక్కనే, తల ఒక పక్కకు వంచి. "నీళ్ళకు ఇంక సలి పోలేదు నాయినా" అన్నది. సంచిలోంచి నాలుగు మిల్లీ సూటు తీసింది. నేను తప్పుగా చెప్పిన సూటు. రెండేండ్లు వేపాకులో పడుకున్న సూటు. ఇంత ఎండల ఈ గొంగడేందని మా పాలివాడు గొణిగాడు. గొణుగుతూనే కాలు పెట్టి చూశాడు, పెట్టినంత వేగంగా వెనక్కి తీసుకున్నాడు.

కుండకు మా వదిన చివరిగా నేసిన బట్ట ముక్క చుట్టి, పలక ముందర కట్టుకుని, బోర్లా పడుకుని చేతులు వేసుకుంటూ పోయింది. నల్లగా, చిన్నగా అయింది. రెండు రాళ్ళ దగ్గర ఆగింది. పలక దిగి, నీళ్ళలో నిలువుగా ఉండి, ఏదో మాట్లాడుతుంది. ఏం మాట్లాడిందో నేను అడగలేదు. పెద్దమ్మకూ బిడ్డకూ మధ్య మాటలు. తెల్లటి బూడిద కొంచెం నీళ్ళ మీద తేలి, రాళ్ళ నడుమ తిరిగి, లోపలికి పోయింది. లోపల బావి ఉన్నది. బావిలో ఆరేండ్ల మా వదినకు వాళ్ళ నాయిన బెండ్లు విప్పిన రోజు ఉన్నది. ఆమె ఎక్కడికీ పోలేదు, నీళ్ళల్లో ఉన్నది.

గంటకు పైన అయింది బిడ్డ తిరిగి వచ్చేసరికి. మా పాలివాడే తువ్వాల పట్టుకుని ఎదురు నిలబడ్డాడు. బిడ్డ వణకలేదు. నా పక్కన రాయి మీద కూర్చుని, చీలమండ దగ్గర సూటు అంచు కింద వేలు పెట్టి లాగింది. లోపల నిలిచిన నీళ్ళు సన్నటి ధారగా బయటికి వచ్చాయి. ఎందుకు పెట్టానో తెలియదు, ఆ ధార కింద నా మోచెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉన్నాయి. మోచెయ్యి మీది నుంచి జారి, రాతి మీద నల్లటి మరక చేసి, ఇసుకలో దారి చేసుకుని, మెల్లగా మళ్ళీ ఆ చల్లని నీళ్ళ దిక్కే పోయాయి.